చేబదులు డికాక్షన్

రేపల్లెలో నేను అద్దెకున్న ఇల్లు రెండు వాటాలది. మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. మనిషెత్తు కన్నా కాస్త పైకి లేచి అక్కడ ఆగిపోయింది. కట్టేటప్పుడు ఇంటివారికి ఇటుకలు చాలలేదో, ఓపిక చాలలేదో. దాంతో అటువైపు తిరగమోత వేస్తే ఇటువైపు నేను తుమ్మేదాన్ని. నేను తుమ్మితే అటునుంచి "చిరంజీవ" అని వినపడేది.

ఆ దీవెన పక్కవాటా పిన్నిగారిది. ఆవిడ నాకు చుట్టం కాదు. వయసులో పెద్దది, పక్కన ఉంది, అందుకని పిన్నిగారు. వాళ్ళాయన బాబాయిగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. చెవుడు. రోజంతా పడకకుర్చీలో రేడియో పక్కన కూర్చునేవారు. వినపడని రేడియో దేనికో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆయన పిన్నిగారితో మాట్లాడగా విన్నది కూడా తక్కువే. అన్నం వడ్డించమంటే కంచం మీద వేలితో కొట్టేవారు.

నేను అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో హిందీ పంతులమ్మని. డెబ్భైల మొదట్లో మాట ఇది. లెక్కల పంతులమ్మ ఎదురైతే పిల్లలు గోడవారగా తప్పుకునేవారు. నేను ఎదురైతే "నమస్తే జీ" అని కిసుక్కున నవ్వేవారు. హిందీ రాకపోయినా కొంపలేమీ మునగవని వాళ్ళకి ఎవరు చెప్పారో గానీ, బాగా నమ్మారు. సాయంత్రం బడి వదిలాక ఇంటికొచ్చి తాళం తీసి, స్టవ్వు వెలిగించి పాలు పెట్టేదాన్ని. అక్కణ్ణుంచి మర్నాడు బడిగంట కొట్టే దాకా నాతో మాట్లాడే మనిషి పిన్నిగారొక్కరే.

ఆవిడ పెరటి గుమ్మం వైపు నుంచి వచ్చేది. చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు, దానిమీద కొంగు. ఎవరైనా చూస్తే గ్లాసు కనపడకూడదని కొంగు కప్పేది. కొంగు కప్పిన చేతిలో గ్లాసు తప్ప ఇంకేం ఉంటుంది?

"అమ్మాయ్, ఒక్క గుక్కెడు డికాక్షనుందేంటే? మా ఇంటికి చుట్టాలొచ్చారు. చూస్తే ఫిల్టర్లో బొట్టు లేదు."

ఉండేది. నా దగ్గర డికాక్షన్ ఎప్పుడూ మిగిలేది. నా ఫిల్టరు ఇద్దరికి సరిపోయేది మరి. తెనాలిలో మా అమ్మ నాకు సారెలో పెట్టిన ఇత్తడి ఫిల్టరు అది. ఒక్కదానికని పొడి తగ్గించి వేస్తే డికాక్షన్ నీళ్ళలా దిగేది, సరిపడా వేస్తే రెండో మనిషి వాటా అలాగే ఉండిపోయేది. చిన్నది కొనుక్కోవచ్చు. ఎందుకో కొనబుద్ధయ్యేది కాదు. పొద్దున వేసింది సాయంత్రానికి పిన్నిగారి గ్లాసులోకి వెళ్ళిపోయేది.

వాళ్ళింటికి వచ్చిన చుట్టాలని నేనెన్నడూ చూడలేదు. మధ్యలో ఉన్నది ఆ పాటి గోడ. అటు ఎవరైనా వస్తే వాళ్ళు చెప్పులు విడిచిన చప్పుడు కూడా నాకు తెలియాలి. అయినా నేను అడగలేదు. ఆవిడ వచ్చిన చుట్టాల గురించి మహా వివరంగా చెప్పేది కూడా. వేమూరు నుంచి ఆడపడుచు తోటికోడలట, దుగ్గిరాల నుంచి పసుపు అమ్ముకుని పోతూ వేలు విడిచిన మేనమామట. నేను గ్లాసులో డికాక్షన్ పోసి "అయితే ఇంకాస్త పట్టికెళ్ళండి పిన్నిగారూ, మేనమామగారికి చాలదేమో" అనేదాన్ని. ఆవిడ నవ్వకుండా "చాల్లేవే, ఆయనకి పైత్యం" అనేది.

తీసుకున్నది తీసుకున్నట్టు ఊరుకునే మనిషి కాదు. రెండు మూడు రోజులకి అదే గ్లాసుతో, తీసుకున్నదానికన్నా చిక్కటి డికాక్షన్ తెచ్చి నా గిన్నెలో ఒంపేది. అడగడానికి ఒకసారి, తిరిగివ్వడానికి ఒకసారి. వచ్చిన ప్రతిసారీ గుమ్మానికి ఆనుకుని నిలబడి చాలాసేపు మాట్లాడేది. గ్లాసులో డికాక్షన్ చల్లారిపోయేది. అటు చుట్టాలు ఏమైపోయారో!

"లోపలికొచ్చి కూర్చోండి పిన్నిగారూ" అనేదాన్ని.

"అమ్మో, కూర్చుంటే ఇంకేమన్నా ఉందా? చుట్టాలు కాచుక్కూర్చున్నారే" అని మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక్కసారీ లోపలికి రాలేదు. నా బాధల్లా అదే. నాకు కావలసింది గుమ్మంలో నిలబడే మనిషి కాదు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, కాఫీ ఊదుకుంటూ తాగే మనిషి. అలా ఒకరు నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగి ఏళ్ళయింది. నా ఇంట్లో కుర్చీలు రెండు. రెండోదాని మీద పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు ఉండేవి.

చివరిసారిగా అలా కూర్చుని తాగింది మా ఆయన, బాపట్లలో.

పెళ్ళయ్యాక మేం బాపట్లలో కాపురం ఉన్నాం. ఆయన కాలేజీలో గుమాస్తా. అక్కడికి పాఠాలు చెప్పడానికి బయటి దేశం నుంచి ఒక దొర వచ్చాడు. ఏదో సంతకం కోసం ఒకనాడు ఈయన వాళ్ళింటికి వెళ్తే, దొర కూర్చోబెట్టి మిషన్లో కాఫీ చేసి ఇచ్చాడట. ఇంటికొచ్చి దాని గురించి ఒకటే చెప్పడం.

"బుస్సుమందే! నేను పామనుకుని కాళ్ళు పైకి పెట్టుకున్నాను. దొర ఒకటే నవ్వు. ఆ తర్వాత ముక్కులోంచి కాఫీ కారింది."

"దొర ముక్కులోంచా?"

"మిషను ముక్కులోంచి. నల్లగా ఉంది. పైన తేనెరంగు నురగ. చిన్నపిల్లలు ఆడుకునే లక్కపిడతంత కప్పు. తాగితే చెవులు తెరుచుకున్నాయనుకో."

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే లేచి నేను పెట్టే కాఫీకి ఏనాడూ చెవులు తెరుచుకోలేదు. "దొరగారి కాఫీ తాగిన నోటికి నాది ఎక్కడ ఎక్కుతుంది లెండి" అన్నాను. ఆయన నా చేతిలోంచి గ్లాసు లాక్కుని గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "ఒకరోజు నిన్నూ తీసుకెళ్తానే. నువ్వే చూద్దువుగాని. దొరసాని కూడా మంచిది" అన్నారు.

ఆ వానాకాలం ఆయనకి కామెర్లు వచ్చాయి. చెట్టు మందు వేశాం, ఇంగ్లీషు మందు వేశాం. పోయారు. దొర మా ఆయన శవం దగ్గరికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు. నాకు తెలియదు. నేనేమీ చూసే స్థితిలో లేను. తర్వాత పుట్టింట్లో ఉండి రాసిన హిందీ పరీక్షలు నాకు రేపల్లెలో ఉద్యోగం ఇచ్చాయి. మా అమ్మ కూడా పోయాక తెనాలిలో నాకంటూ ఎవరూ మిగల్లేదు. కళ్ళజోడు బాగుచేయించుకోవడానికో, చీర కొనుక్కోవడానికో తప్ప వెళ్ళేదాన్ని కాదు.

ఒకరోజు కళ్ళజోడు పనిమీదే తెనాలి వెళ్ళాను. కొట్టువాడు సాయంత్రం రమ్మన్నాడు. ఏం తోచక కాలవ గట్టు వెంబడి నడుస్తుంటే స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే కొట్టు ఒకటి కనపడింది. అరుగు మీద లైట్ల మధ్య ఒక వస్తువు పెట్టి ఉంది. కింద గుండ్రంగా పొట్ట, పైన మూత, పక్కకి చాచిన ముక్కు.

"ఏంటండీ అది?"

"కాఫీ మిషనండి అమ్మగారూ. బాపట్ల నుంచొచ్చింది. అక్కడ కాలేజీలో ఓ దొరుండేవాడంట. దేశం ఎళ్ళిపోతా సామానంతా అమ్మేశాడంట. అటూ ఇటూ తిరిగి నా కాడికొచ్చింది. కాయిలు కాలిపోతే ఇస్త్రీపెట్టె కాయిలేశాను. లోపల రబ్బరు ఎండిపోతే లారీ ట్యూబు కోసి ఏశాను. పిడి ఇరిగిపోతే ఇదిగో, ఏప చెక్కతో చేయించాను. ఇప్పుడు కొత్తదానికన్నా బాగుందండి."

"మీరు కొత్తదాన్ని చూశారా?"

"లేదండి" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

నీళ్ళు పోసి, ప్లగ్గు పెట్టి చూపించాడు. కాసేపు ఏమీ జరగలేదు. అతను దాని నెత్తిన ఒకటి చరిచాడు. అప్పుడది బుస్సుమంది. నేను ఒక్కడుగు వెనక్కి వేశాను. ముక్కులోంచి వేడినీళ్ళు ధారకట్టాయి.

కాళ్ళు పైకి పెట్టుకున్న మా ఆయన నా కళ్ళముందు కనపడ్డారు. నాకు ఏడుపు ఆగలేదు. కొట్టతను ఆవిరి కళ్ళలో పడిందనుకుని తువ్వాలు ఇచ్చాడు. నేను బేరమాడలేదు. బేరమాడకుండా కొనే ఆడమనిషిని అతను అదే చూడటం కాబోలు, కంగారుపడి లారీ ట్యూబు ముక్క ఇంకొకటి ఊరికే ఇచ్చాడు.

రేపల్లె పాసింజర్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైన నా తువ్వాలు కప్పాను. ఎదురుగా ఖాళీ బుట్టతో చేపలమ్ముకునే ఆవిడ ఉంది. ఊరికే ఉండలేకపోయింది.

"ఏంటమ్మా అది, బిందెలాగుంది?"

"కాఫీ చేసే మిషను."

"మిషనే! ఇంట్లో ఎంతమందేంటమ్మా?"

"ఒక్కదాన్నే."

ఆవిడ నన్నూ, మిషన్నీ మార్చి మార్చి చూసింది. "ఒక్కదానివి. నీకు మిషనెందుకమ్మా తల్లీ?" అంది. అడగడంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వేమూరు దాటాక నాకు జవాబు దొరికింది. ఇద్దరం కూర్చుని తాగడానికి. ఎదురుగా చేస్తూ, వేడివేడిగా పోస్తానంటే పిన్నిగారు ఇంకెలా నిలబడుతుంది? కూర్చుంటుంది. అప్పటికే ఆవిడ కప్పూ సాసరూ ఏవో కూడా మనసులో అనేసుకున్నాను.

ఇంటికి రాగానే ఇత్తడి ఫిల్టరు తోమి, తుడిచి, అటకెక్కించాను. కుర్చీ మీది కాంపోజిషన్ పుస్తకాలు మంచం కిందికి తోశాను.

మర్నాడు సాయంత్రం పిన్నిగారు వచ్చింది. చేతిలో గ్లాసు, పైన కొంగు.

"అమ్మాయ్, ఒక్క గుక్కెడు డికాక్షను..."

"డికాక్షన్ లేదండి పిన్నిగారూ" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే తెలుస్తోంది. "ఇక మనకి డికాక్షనుతో పనే లేదు. మిషను కొన్నాను. నేరుగా కాఫీయే వస్తుంది. రండి, కూర్చోండి, పోసిస్తాను."

ఆవిడ మిషను వైపు చూసింది. కుర్చీ వైపు చూసింది. గ్లాసు మీద కొంగు ఇంకాస్త సర్దుకుంది.

"చుట్టాలకి కదమ్మా."

"చుట్టాలకీ చేసిస్తాను. ఎంతమంది?"

"వద్దులే, వాళ్ళు వెళ్ళే తొందర్లో ఉన్నారు" అని వెళ్ళిపోయింది. గుమ్మానికి ఆనుకోలేదు.

నేను వదల్లేదు. నాకు పట్టుదల ఎక్కువ. పెరట్లో కనపడినప్పుడల్లా పిలిచాను. ఆదివారం తప్పకుండా రావాలని, రాకపోతే ఒట్టని బతిమాలాను. సరేనంది.

ఆదివారం వచ్చింది. పెరటి గుమ్మంలోంచి కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చింది. వాళ్ళ వాటాలోంచి వీధిలోకి దిగి, నాలుగడుగులు నడిచి, నా వీధి తలుపు తట్టింది. పెట్టెలోంచి తీసిన చీరాల నేతచీర కట్టింది. కలరా ఉండల వాసన ముందు వచ్చింది, ఆవిడ తర్వాత. తల్లో పూలు. చేతిలో గ్లాసు లేదు. అరటిపళ్ళున్నాయి. నేను కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది. మిషను బుస్సుమంటే ఉలిక్కిపడి కూడా పడనట్టు ఊరుకుంది. అటునుంచి బాబాయిగారు గట్టిగా "బండి టైముకే వచ్చిందే" అన్నారు. ఏ చప్పుడూ ఆనని ఆయన చెవికి మిషను బుస్సు రైలు కూతలా ఆనినట్టుంది. మామూలుగా అయితే ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు పిన్నిగారు పెదవులు బిగించి కాఫీ చప్పరించింది.

కాఫీ లారీ ట్యూబు వాసన వేస్తోంది. నాకు తెలుస్తోంది.

"చాలా బాగుందమ్మా" అంది పిన్నిగారు.

గుమ్మంలో నిలబడే పిన్నిగారైతే "ఇదేం కంపే, టైరు ఉడకేశావా?" అని మొహం మీదే అనేది. ఇప్పుడు బాగుందంది. ఒక్కసారీ నన్ను "అమ్మాయ్" అనలేదు. చుట్టాల కబుర్లు చెప్పలేదు. వర్షాలు లేవంది. పప్పులు ప్రియమైపోయాయంది. కప్పు ఖాళీ చేసి, లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

ఆగి నిలబడింది. నేనూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చిన ముత్తయిదువకి వెళ్ళేటప్పుడు బొట్టుపెట్టి పంపాలి. ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర అలా నిలబడే ఉంటుంది, ఆ ఇంటి ఇల్లాలు కుంకుమ భరిణె తెచ్చేదాకా. అలవాటు ఆవిడని ఆపింది. నా ఇంట్లో భరిణె లేదు. ఉన్నా నేను పెట్టకూడదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అంది, గబగబా మెట్లు దిగింది. అటువైపు పొయ్యి మీద ఏమీ లేదు. ఉంటే నాకు వాసన వచ్చేది.

ఆ తర్వాత ఆవిడ రాలేదు.

నేను మిషను ముందు కూర్చుని చాలా ఆలోచించాను. డికాక్షన్ అడగొచ్చు. పంచదార అడగొచ్చు, కాఫీపొడి అడగొచ్చు, నిప్పు కూడా అడగొచ్చు. మళ్ళీ ఇచ్చేస్తాం కాబట్టి అది చేబదులు, అందులో చిన్నతనం లేదు. కాఫీ మాత్రం అడగకూడదు. పెడితే తాగాలి, అంతే. ఈ మర్యాద నాకు లంగా ఓణీలనాటి నుంచీ తెలుసు. చేబదులుకి వచ్చిన మనిషి ఇంటిమనిషి. పెరట్లోంచి వస్తుంది, బొట్టూ అక్కర్లేదు, తాంబూలమూ అక్కర్లేదు, నేను విధవనన్న సంగతి ఆవిడకీ నాకూ మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషిని నేను పట్టుబట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టాన్ని చేశాను. చుట్టాలు రోజూ రారు.

మళ్ళీ పిలవొచ్చు. పిలిస్తే మళ్ళీ పెట్టెలో చీర కట్టుకుని, పళ్ళు పట్టుకుని, వీధి గుమ్మంలోంచి వస్తుంది. మళ్ళీ అక్కడ నిలబడాల్సి వస్తుందని భయపడుతూ కూర్చుంటుంది. అందుకని పిలవలేదు.

మిషను మాత్రం రోజూ బుస్సుమనేది. అది బుస్సుమన్నప్పుడల్లా అటువైపు గిన్నెల చప్పుడు ఆగేది. ఆవిడ వింటోందని నాకు తెలిసేది. ధార ఆగాక మళ్ళీ గిన్నెలు మోగేవి. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు. రబ్బరు వాసన పోయింది. కాఫీ నిజంగానే బాగుండేది. పైన తేనెరంగు నురగ కూడా వచ్చేది. ఎదురుకుర్చీ ఖాళీగా ఉండటం చూడలేక కాంపోజిషన్ పుస్తకాలు తీసి మళ్ళీ దానిమీద పెట్టాను. మా ఆయన పోయినప్పుడు ఏడవడానికి నాకు కారణం ఉంది, చుట్టూ జనం ఉన్నారు. ఇప్పుడు పక్కవాటావిడ రావట్లేదని ఏడిస్తే వినేవాళ్ళు నవ్వుతారు. అయినా ఏడ్చాను. చప్పుడు గోడ దాటకుండా కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చాను.

ఒక సాయంత్రం అటువైపు తిరగమోత వేశారు. ఎండుమిరపకాయ ఘాటు గోడ దాటి వచ్చింది. నేను గట్టిగా తుమ్మాను. తుమ్మి, ఊపిరి బిగబట్టి విన్నాను. అటునుంచి ఏమీ రాలేదు. మనసులో అనుకుందో ఏమో. మనసులో అనుకున్నది నాకెలా వినపడుతుంది?

అప్పటికే మిషను బుస్సుమని కాఫీ దింపింది. నా కప్పు ఎదురుగా పొగలు కక్కుతోంది. నేను దాన్ని ముట్టుకోలేదు. లేచి, స్టీలు గ్లాసు ఒకటి తీసి, తుడిచి, కొంగు కింద పెట్టుకుని పెరట్లోకి దిగాను.

వాళ్ళ పెరటి గుమ్మం నాకు నాలుగు అడుగుల దూరం. అక్కడ నిలబడి గ్లాసు మీద కొంగు ఇంకాస్త సర్దుకున్నాను. రోజూ బోర్డు ముందు నిలబడి అరిచే మనిషిని. చేతిలో ఖాళీ గ్లాసు ఉంటే గొంతు ఎంత సన్నగిల్లుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడ ఇన్నాళ్ళూ ఇలాగే వచ్చింది కదా అనుకున్నాను.

పిన్నిగారు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది.

"పిన్నిగారూ" అన్నాను. "ఒక్క గుక్కెడు డికాక్షనుందేమోనని. మా మిషను పాడైపోయిందండి."

ఆ మిషను బుస్సుమనడం ఆవిడ ఇంతకుముందే విన్నది. విన్నదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆవిడ నా మొహంలోకి, తర్వాత కొంగు కింద ఉన్న నా చేతి వైపు చూసింది. లేచి ఫిల్టరు పైభాగం తీసి, కింది గిన్నెలోంచి నా గ్లాసులోకి ఒంపింది. గ్లాసు నిండేదాకా చెయ్యి ఆపలేదు.

"ఇంత ఎందుకండీ" అన్నాను.

"ఉంచవే అమ్మాయ్" అంది. అని, మొహం మామూలుగా పెట్టుకుని అడిగింది.

"చుట్టాలేమన్నా వచ్చారేంటి?"

"అవునండి" అన్నాను. "వేమూరు నుంచి."

పిన్నిగారు కాలితో పీట నా వైపు జరిపింది. నేను కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. గ్లాసులో డికాక్షన్ చల్లారిపోయేదాకా వచ్చిన చుట్టాల గురించి చెప్పాను.